మత్తు గురించి పిల్లలతో గుంపు ఆటలు, ముచ్చట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, పాలమూరు వైపు బడుల్లో, హాస్టళ్లలో, యువజన సంఘాల్లో పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి మందు, కల్లు, తంబాకు, గంజాయి గురించి మాట్లాడించే పని కొన్నేళ్లుగా చేస్తున్నాను. టీచర్లు, వార్డెన్లు, తల్లిదండ్రులు పోయిన చోటల్లా అవే ప్రశ్నలు అడుగుతుంటారు. జవాబులు ఒకచోట రాసి పెడితే మీరు సొంతంగా మొదలుపెట్టుకోవచ్చని ఈ ప్రయత్నం.

ఏ తరగతి నుంచి మొదలుపెట్టాలి?

ఆరో తరగతి నుంచి. చాలామంది "ఇంటర్‌కు వచ్చాక చెబుదాం లెండి" అంటారు. అప్పటికి ఆలస్యమైపోతుంది. మా వైపు పిల్లవాడు మొదటి గుటక మింగేది ఏ బార్‌లోనో అనుకోకండి. దసరానాడు మేకను కోసిన ఇంట్లో, అందరూ చాపల మీద కూర్చున్నప్పుడు, మేనమామే గ్లాసు మూతి దగ్గర పెట్టి "తాగు బిడ్డా, ఒక్క గుటకకు ఏమైతది" అంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. పిల్లవాడు మొహం చిట్లిస్తే ఇంకా నవ్వుతారు. అందుకే మొదటి పాఠం ఆ చాప మీద ఏం చెయ్యాలన్నదే కావాలి.

ఐదో తరగతి లోపు పిల్లలతో మందు పేరు కూడా ఎత్తనక్కర్లేదు. కోపం వస్తే ఏం చేస్తావు, ఇష్టంలేని పని చెయ్యమంటే ఎలా కాదంటావు, ఎవరికి చెప్పుకుంటావు, ఇవి చాలు. ఆరు, ఏడు తరగతుల్లో తంబాకు, గుట్కా, కల్లు. ఎనిమిది నుంచి పది వరకు బీరు, మందు, మత్తుమాత్రలు. గంజాయి సంగతి తొమ్మిది, పదిలో. ఇంటర్ పిల్లలతో బండి నడపడం, బరాత్, హాస్టల్ గది.

మాట్లాడితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా?

ఎలా మాట్లాడతామన్న దాన్ని బట్టి ఉంటుంది. ఏ మాత్ర పేరేమిటి, ఎక్కడ దొరుకుతుంది, ఎలా పీలుస్తారు అని వివరంగా చెబితే పుట్టించినట్టే. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ లాంటివాటి విషయంలో నేను మరీ జాగ్రత్తగా ఉంటాను. అవి చవక, కొట్లలో సులువుగా దొరుకుతాయి, వాసన పీల్చిన మొదటిసారే గుండె ఆగి చనిపోయినవాళ్లున్నారు. 2019లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన ఎయిమ్స్ సర్వేలో పీల్చే మత్తు పెద్దల్లో 0.58 శాతం ఉంటే పిల్లల్లో 1.17 శాతం ఉంది. పెద్దలకంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించింది ఇదొక్కటే. అయినా అక్కడ ఆ అలవాటు ఉందని తెలిస్తే తప్ప క్లాసులో దాని ఊసెత్తను. కొట్టు అతనితో, టీచర్లతో, తల్లిదండ్రులతో మాత్రం తప్పకుండా మాట్లాడతాను.

భయపెడితే చాలదా? కుళ్లిన ఊపిరితిత్తుల బొమ్మలు చూపిస్తే?

నేనూ అలాగే మొదలుపెట్టాను. మొదటిసారి ఒక హైస్కూల్‌కు ప్రొజెక్టర్ పట్టుకుపోయి నల్లబడిన ఊపిరితిత్తులు, నోటి క్యాన్సర్ ఫొటోలు వరుసగా వేశాను. ముందు బెంచీలో ఆడపిల్లలు కళ్లు మూసుకున్నారు. వెనక బెంచీల్లో మగపిల్లలు ఒకణ్ణొకడు మోచేత్తో పొడుచుకుంటూ "అరేయ్, మీ తాత గట్లనే ఉంటడు గదరా" అని నవ్వుకున్నారు. అయిపోయాక బయట చెట్టు కింద ఒక పిల్లవాడు నా దగ్గరకొచ్చి, "మా బాపు సచ్చిపోతడా సార్?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర స్లైడ్ లేదు. మళ్లీ ప్రొజెక్టర్ ముట్టలేదు.

ఐక్యరాజ్య సమితి డ్రగ్స్ కార్యాలయం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2018లో వెలువరించిన నివారణ ప్రమాణాల్లోనూ ఇదే ఉంది. భయపెట్టడం, ఒక్కసారి వచ్చి సమాచారం చెప్పి వెళ్లిపోవడం ఫలితమివ్వవు, కొన్నిసార్లు ఎదురుతిరుగుతాయి కూడా. అమెరికాలో 1983లో లాస్ ఏంజెలెస్‌లో పోలీసులే బడికి వచ్చి పాఠాలు చెప్పే 'డేర్' కార్యక్రమం మొదలై దేశమంతా పాకింది. తర్వాత లెక్క తీస్తే, ఆ పాఠాలు విన్న పిల్లలకూ విననివాళ్లకూ వాడకంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

మరి జూన్ 26న, మత్తుమందుల వ్యతిరేక దినంనాడు చేసే ర్యాలీ, ప్రతిజ్ఞ?

చెయ్యండి, తప్పులేదు. ఎండలో అరగంట నడిచి, చెయ్యి చాచి ప్రతిజ్ఞ చెప్పి, ఫొటో దిగితే పని అయిపోయిందనుకోవడమే తప్పు. ర్యాలీకి పెట్టే సమయంలో రెండు గుంపు ఆటలు ఆడించవచ్చు.

గుంపులో ఎంతమంది? ఎవరెవరు?

పన్నెండు నుంచి పదిహేను మంది. అంతకు మించితే నలుగురే మాట్లాడతారు, మిగతావాళ్లు చూస్తారు.

ఎవరన్నది ఇంకా ముఖ్యం. హెడ్‌మాస్టర్లు ఉత్సాహంగా చేసే పొరపాటు ఒకటుంది. "మా బడిలో ఎనిమిది మంది చెడు అలవాట్లోళ్లున్నరు సార్, వాళ్లను మీకు అప్పజెప్తం, బాగుచెయ్యండి" అంటారు. ఆ ఎనిమిది మందిని ఒక గదిలో కూర్చోబెడితే ఏమవుతుందో తెలుసా? ఒకడు తన ఘనకార్యం చెబుతాడు, మిగతా ఏడుగురు పడీపడీ నవ్వుతారు. ఆ నవ్వే వాడికి బహుమతి. మరుసటి వారం ఇంకొకడు ఇంకా పెద్దది చెబుతాడు. వంద రకాల సుద్దులు చెప్పినా ఆ నవ్వు ముందు నిలవవు. ఇలాంటి పిల్లల్నే పోగేసి గుంపులు పెడితే వాళ్లు ఇంకా చెడిన సందర్భాలను పరిశోధకులు ఎప్పుడో చూపించారు. అందుకే నేను హాజరు పట్టీలో వరుసగా పేర్లు తీసుకుంటాను. క్రికెట్ పిచ్చివాడు, క్లాస్ ఫస్ట్ పిల్ల, నోరు విప్పనివాడు, గుట్కా నమిలేవాడు, అందరూ ఒకే వలయంలో.

ఒక పీరియడ్‌లో ఏం చేయిస్తారు?

బెంచీలు గోడకు జరిపేస్తాం. నేనూ కిందే కూర్చుంటాను. మొదటి ఐదు నిమిషాలు మందుకు సంబంధం లేని ఆట, చప్పట్లతో ఏదో ఒకటి. ఆ తర్వాత నాటకం. కథ నేను చెప్పను, పిల్లలే చెబుతారు: "మా ఊళ్ల పెండ్లి బరాత్ సార్, డీజే పెట్టిన్రు, పెండ్లికొడుకు దోస్తులు స్కూల్ ఎనక బీర్లు తాగుతున్నరు." నలుగురు దోస్తులు, ఒకడు మన హీరో.

"పట్టురా మామా."
"నాకొద్దురా."
"అరేయ్, మొగోనివేనా నువ్వు?"

ఇక్కడ ఆపుతాను. వలయంలో ఉన్నవాళ్లను అడుగుతాను, వీడిప్పుడు ఏమనాలి? మొదట పుస్తకంలో జవాబు వస్తుంది: "మద్యం ఆరోగ్యానికి హానికరం." అందరూ ఘొల్లుమంటారు. బరాత్‌లో ఎవడైనా అట్లా మాట్లాడతాడా? తర్వాత అసలైనవి వస్తాయి. "రేపు పొద్దుగాల గ్రౌండ్‌ల పరుగుంది, పోలీస్ కొలువుకు ప్రాక్టీస్ చేస్తున్న" అంటాడొకడు. "మా అమ్మ నోరు వాసన చూస్తదిరా" అంటాడు ఇంకొకడు. ఒక పిల్ల మాత్రం "ఏం మాట్లాడకుండ డీజే దగ్గరికి ఉరికి డ్యాన్స్ చెయ్యాలె" అంది. ఇప్పటిదాకా నేను విన్నవాటిలో అదే మంచి జవాబు. వాదనకు దిగితే నలుగురి ముందు ఒక్కడు గెలవలేడు. అక్కణ్ణుంచి జారుకోవడం చేతనైతే చాలు.

చెప్పింది చెప్పినట్టు మళ్లీ ఆడించాలి. నోటితో చెప్పడం వేరు, ముగ్గురు భుజాల మీద చేతులేసి లాగుతుంటే చెప్పడం వేరు. ఒక్కొక్కడూ రెండుసార్లన్నా ఆ మాట పలకాలి. బలవంతపెట్టే దోస్తు వేషం మాత్రం నిజంగా తాగే అలవాటున్న పిల్లవాడికి ఇవ్వకండి. వాడికి అది వేషం కాదు.

ఒక్క పీరియడ్‌తో అయ్యేది కాదు. వారానికొకటి చొప్పున పది, పదిహేను పీరియడ్లు అడగండి, ఎనిమిదన్నా ఇస్తారు.

"అందరూ తాగుతరు సార్" అంటారు. ఏం చెప్పాలి?

చెప్పకండి, లెక్కపెట్టించండి. నేను ఒక మట్టి లొట్టి పట్టుకుపోతాను. పెద్ద తరగతులైతే ముందుగా ఒక్కొక్కరినీ "మీ క్లాసులో పదిమందిలో ఎంతమంది పోయిన నెలలో బీరో మందో తాగి ఉంటారు?" అని కాగితం మీద రాయమంటాను. ఆ తర్వాత ఒక్కొక్కరి చేతిలో ఒక చింతగింజ, ఒక పల్లిగింజ. తాగి ఉంటే చింతగింజ, లేకపోతే పల్లిగింజ, పిడికిలి మూసి లొట్టిలో వెయ్యాలి. రెండో గింజ జేబులో వేసుకోవాలి. ఎవరు ఏది వేశారో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు.

ఊహించిన దానికంటే నిజం తక్కువ ఉండటమే మామూలు. తాగినవాడు గట్టిగా చెప్పుకుంటాడు, తాగనివాడు ఊరుకుంటాడు, దాంతో అందరూ తాగుతున్నట్టే అనిపిస్తుంది. ఒక జాగ్రత్త: గింజలు పిల్లల ముందు కుమ్మరించే ముందు మీరు పక్కకు పోయి ఒకసారి చూసుకోండి. చింతగింజలే ఎక్కువ ఉంటే ఆ రోజు ఆట అక్కడితో ఆపేసి వేరే మాటలోకి దిగండి. లేకపోతే తాగనివాడికి నువ్వే వెనకబడ్డావని చెప్పినట్టవుతుంది. పదిమంది కంటే తక్కువుంటే ఈ ఆట వద్దు.

బీరు మందు కిందికి రాదంటారు కదా?

ఇది లెక్కల సార్‌కు అప్పజెప్పండి. నల్లబల్ల మీద పిల్లల చేతే చేయించాలి. స్ట్రాంగ్ బీరు సీసా 650 మిల్లీలీటర్లు, 8 శాతం ఆల్కహాల్ అనుకోండి. అంటే 52 మిల్లీలీటర్లు. ఆల్కహాల్ నీళ్లకంటే తేలిక, మిల్లీలీటరు 0.79 గ్రాముల బరువు. సుమారు 41 గ్రాములు. ఇప్పుడు విస్కీ నైంటీ: 90 మిల్లీలీటర్లు, 42.8 శాతం. సుమారు 30 గ్రాములు. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసేసరికి తరగతి ఒక్క క్షణం సైలెంట్ అయిపోతుంది. "బీరే కదా" అని ఒక సీసా దించినవాడు ఒక నైంటీ కంటే ఎక్కువే దించాడు.

తర్వాతి లెక్క: పెద్దవాళ్ల కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములే కరిగించగలదు. 41 గ్రాములకు ఎన్ని గంటలు? నాలుగు నుంచి ఆరు. రాత్రి పదకొండింటికి బరాత్‌లో రెండు సీసాలు తాగి, పొద్దున ఆరింటికి బండి తీసి హైవే ఎక్కితే? పిల్లలే చేస్తారు ఆ లెక్క. నిమ్మకాయ నీళ్లు, చన్నీళ్ల స్నానం ఈ అంకెను మార్చవని కూడా అప్పుడే చెప్పండి.

కల్లు ఆరోగ్యానికి మంచిదని పెద్దలే అంటారు. గౌడన్నల బతుకుదెరువు కూడా కదా?

నిజమే, అందుకే జాగ్రత్తగా మాట్లాడాలి. మీ వలయంలో కల్లు గీసే ఇంటి పిల్లవాడు తప్పకుండా ఉంటాడు. మోకు, ముత్తాదు కట్టుకుని తాడెక్కే వాళ్ల నాన్న పనిని తక్కువచేసే మాట మన నోట రాకూడదు. నేనైతే ఆ పిల్లవాణ్ణే టీచర్‌ను చేస్తాను. కల్లు ఎలా దిగుతుంది, పొద్దుటి కల్లుకూ సాయంత్రం కల్లుకూ తేడా ఏమిటి, చెప్పమంటాను. కారినప్పుడు తియ్యని నీరా, అందులో మత్తు ఉండదు. లొట్టిలోకి దిగీదిగగానే పులవడం మొదలై గంటల్లోనే కల్లవుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఆ పులుపు ఆగుతుంది. కల్లులో కూడా ఆల్కహాల్ ఉందని పిల్లలకు అలా వాళ్ల ఇంటి పనిలోంచే తెలుస్తుంది.

చెట్టు కల్లు వేరు, కల్తీ కల్లు వేరు. చెట్లు తక్కువ, అమ్మకం ఎక్కువ ఉన్నచోట క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలమ్ లాంటివి కలుపుతారు. అది కల్లు పేరుతో అమ్మే నిద్రమాత్ర. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా ఒక్కసారిగా ఆగినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎంతోమంది వణుకుతూ, అర్థంలేకుండా మాట్లాడుతూ, ఫిట్స్‌తో ఆసుపత్రులకు వచ్చారు. తాము మాత్రలకు అలవాటుపడ్డామని వాళ్లకే తెలియదు.

మానేసినవాళ్లను తీసుకొచ్చి మాట్లాడిస్తే?

పిల్లల ముందు వద్దు. పిల్లలు అందులోంచి పట్టుకునేది వేరు: "అన్న పదేండ్లు తాగిండు, ఇప్పుడు మంచిగనే ఉన్నడు కదా." అదే మనిషిని తల్లిదండ్రుల సమావేశానికి పిలవండి, అక్కడ ఆయన మాట బంగారం.

ఆడపిల్లలకు కూడా అవసరమా?

అవసరమే. వాళ్లూ తాగవచ్చు, వాళ్లకూ నిద్రమాత్రలు చేతికందవచ్చు. కాకపోతే మా వైపు ఆడపిల్లల గుంపులో మాట ఎక్కువగా ఇంట్లో తాగేవాళ్ల మీదికే పోతుంది. పోనివ్వండి. నేను వాళ్లకు ఒక పని ఇస్తాను: ఇంటికెళ్లి నాన్నమ్మనో అమ్మమ్మనో సారా రోజుల గురించి అడిగి రాసుకురమ్మంటాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఆడవాళ్ల సారా ఉద్యమం రాష్ట్రమంతా పాకడం, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాన్ని ఎత్తేయడం, ఇవన్నీ వాళ్లు చూసినవాళ్లు. గుడుంబా బట్టీలు, నల్లబెల్లం, పటిక ముచ్చట్లు ఎలాగూ వస్తాయి. ఆ కాగితాలు వలయంలో చదివించండి, పీరియడ్ సరిపోదు.

తండ్రి తాగే ఇంటి పిల్లలుంటే?

ప్రతి గుంపులో ఉంటారు, అనుకునే మొదలుపెట్టండి. "మీ ఇంట్లో ఎవరు తాగుతారు?" అని ఎప్పుడూ అడగకూడదు. "ఒక ఊళ్లో ఒక అబ్బాయి" అని కథగానే నడపాలి. "తాగుబోతు" అన్న మాట నేను వాడను. ఆ మాట మీరన్న క్షణంలో ఒక పిల్ల తల దించుకుంటుంది.

పాలమూరు వైపు ఇంకో సంగతి. తల్లిదండ్రులు ముంబై, పుణె వలసపోయి, పిల్లలు అవ్వ దగ్గరో హాస్టల్‌లోనో ఉంటారు. ఆ పిల్లవాడికి సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఎవరూ ఉండరు. వాడికి మత్తు పాఠం కంటే వాలీబాల్ నెట్టు ఎక్కువ పనిచేస్తుందని నా అనుభవం.

నేనే తాగుతాను. పిల్లలకు చెప్పే హక్కు నాకుందా?

ఉంది. అబద్ధం మాత్రం చెప్పకండి. ఇంట్లో పిల్లవాణ్ణి బెల్టు షాపుకు పంపి సీసా తెప్పించుకోవడం ఇవాళే మానేయండి.

చట్టం ఏం చెబుతుంది?

తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మందు అమ్మకూడదు. 18 ఏళ్లలోపు వాళ్లకు పొగాకు అమ్మకూడదు, విద్యాసంస్థకు 100 గజాల లోపు అసలే అమ్మకూడదు. ఇది 2003 పొగాకు చట్టం. నేను పిల్లలకు టేపు ఇచ్చి బడి గేటు నుంచి కొట్టు దాకా కొలిపిస్తాను. సుమారు 91 మీటర్లు. మంచి ఆట, కాకపోతే కొట్టు అతనితో తగాదా పెట్టుకోవద్దని ముందే చెప్పాలి. 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం డాక్టర్ సలహా లేకుండా పిల్లలకు మద్యం గానీ, మత్తుమందు గానీ, పొగాకు గానీ ఇస్తే 7 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. దసరా చాప మీది మేనమామకు ఈ సంగతి తెలియదు.

గుంపులో ఒక పిల్లవాడు "నేను గంజాయి తాగుతున్న" అనేస్తే?

మొహం మారకుండా చూసుకోండి. "చెప్పినందుకు మంచిదైంది, తర్వాత మనిద్దరం మాట్లాడుకుందాం" అని ఆటలోకి తిరిగి వచ్చేయండి. ఇలా జరగకుండా మొదటి రోజే "సొంత సంగతులు ఇక్కడ వద్దు, నాతో విడిగా చెప్పండి" అని నియమం పెట్టుకోవాలి. అలాగే "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. ప్రాణానికి ముప్పుంటే చెప్పక తప్పదని ముందే అనండి.

విడిగా కూర్చున్నప్పుడు ఎక్కువ వినండి. కేంద్ర ప్రభుత్వ మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446. మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416. పిల్లల రక్షణకు 1098. ఎవరో అమ్ముతున్నారని తెలిస్తే 1908. అమ్మేవాడి మీద చేసే ఫిర్యాదులో పిల్లవాడి పేరు పెట్టకండి. "పోలీసులు పట్టుకుంటరు" అన్న భయంతోనే చాలామంది చికిత్సకు పోరు. 1985 మత్తుమందుల చట్టం 64ఎ సెక్షన్ ప్రకారం, అలవాటుపడ్డ మనిషి తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వెళ్లి దాన్ని పూర్తిచేస్తే, వాడకం కేసు నుంచి రక్షణ ఉంది.

ఇంకొకటి. రోజూ బాగా తాగే మనిషి "ఇవాళ్టి నుంచి బంద్" అని ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఆపడం మంచిదే, డాక్టర్‌ను అడిగి ఆపాలి. ఈ మాట పిల్లల ద్వారా ఇళ్లకు పోవాలి.

తాగి పడిపోయినవాణ్ణి చూస్తే పిల్లలు ఏం చెయ్యాలి?

దీన్ని తప్పకుండా ఆడించండి, పెద్ద తరగతులకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. ఇద్దరిద్దరిగా విడగొట్టి, ఒకరు నేల మీద పడుకుంటే ఇంకొకరు పక్కకు తిప్పాలి. పై మోకాలు మడిచి, చెంప కింద చెయ్యి పెట్టి, నోరు కిందికి ఉండేలా. వెల్లకిలా పడుకున్నవాడు వాంతి చేసుకుంటే అది ఊపిరి గొట్టంలోకి పోతుంది. లేపితే లేవకపోతే 108కి ఫోన్ చెయ్యాలి, వచ్చేదాకా పక్కనే కూర్చోవాలి. మజ్జిగ పోయడం, వేలు పెట్టి కక్కించడం, ఎత్తుకెళ్లి బోరు కింద కూర్చోబెట్టడం, మూడూ ప్రమాదమే. "నిషా దిగుతది, పండనియ్" అని వదిలేసి పోవడం నాలుగోది.

ఫలితం ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

ఆరు నెలల తర్వాత అదే లొట్టి, అవే గింజలు. మొదటిసారి అంకె, రెండోసారి అంకె నోట్‌బుక్‌లో రాసుకోండి. పెద్ద మార్పు ఆశించకండి. కొన్నిచోట్ల నాకు అంకె పెరిగింది కూడా. నమ్మకం కుదిరి నిజం చెప్పారో, నిజంగానే పెరిగిందో తేల్చలేకపోయాను. దసరా తర్వాత వచ్చే మొదటి పీరియడ్‌లో "పండుగ ఎట్లయింది?" అని అడిగి ఊరుకోండి. మొన్న ఒక ఏడో తరగతివాడు, "మామ గ్లాస్ ఇచ్చిండు సార్, మటన్ ముక్కలు తెస్తనని లేచి అవతలికి పోయిన, మళ్ల రాలే" అన్నాడు.

ఖర్చు ఎంతవుతుంది?

ఒక లొట్టి, కొలత టేపు, చాక్‌పీసులు, గుప్పెడు చింతగింజలు, పల్లీలు. పల్లీలు మాత్రం రెండింతలు కొనండి. ఆట మొదలయ్యేలోపే సగం తినేస్తారు.